కల్వకుర్తి 1989, మునుగోడు 2022, పాలమూరు 2023: నాయకుడు చేతులారా పట్టు పోగొట్టుకునేది ఎక్కడ?

పాలమూరు పటం

2018 డిసెంబర్‌లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో 14 సీట్లకు 13 టీఆర్‌ఎస్ గెలిచింది. కొల్లాపూర్ ఒక్కటే కాంగ్రెస్‌కు దక్కింది. 2023 డిసెంబర్‌లో అవే 14 సీట్లలో 12 కాంగ్రెస్‌వి. బీఆర్‌ఎస్‌కు మిగిలినవి గద్వాల, అలంపూర్. ఉమ్మడి నల్లగొండలో 12కు 9 గెలిచిన పార్టీ సూర్యాపేట ఒక్కదానికి పరిమితమైంది. రాష్ట్రం మొత్తం మీద 88 నుంచి 39కి దిగింది.

దీన్ని "ప్రభుత్వ వ్యతిరేకత" అని ఒక్క మాటలో తేల్చేస్తే నేర్చుకునేందుకు ఏమీ ఉండదు. ఎదుటి పార్టీ ఎత్తులు, కులాల లెక్కలు, డబ్బు ఈ చర్చలో పక్కన పెడదాం. నాయకుడి సొంత తప్పు అనాలంటే మూడు ఉండాలి: నిర్ణయం పూర్తిగా అతని చేతిలో ఉండాలి, వేరే దారి అప్పటికే కనిపిస్తుండాలి, నష్టం ఏ దారిన వచ్చిందో మనం చూపించగలగాలి. ఏ పార్టీ వాళ్ల గురించైనా రాయండి. తేదీ, ఊరు, అంకె లేకుండా మాత్రం రాయకండి.

కల్వకుర్తి చౌరస్తా

అయితే మా ఊరి నుంచే మొదలుపెట్టాలి. 1989లో ఎన్టీఆర్ హిందూపురంతో పాటు కల్వకుర్తిలో కూడా పోటీ చేశారు. ఇక్కడ కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో సుమారు మూడున్నర వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. ముఖ్యమంత్రిగా ఉండి ఓడిపోవడం అప్పట్లో దేశమంతా మాట్లాడుకున్న సంగతి.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఏం జరిగిందో చూడండి. బడ్జెట్ వివరాలు ముందే పత్రికకు పొక్కాయని మొత్తం 31 మంది మంత్రులను ఒకే దెబ్బకు తొలగించారు. తప్పు ఒకరిదో ఇద్దరిదో అయితే విచారించి వాళ్లనే పంపవచ్చు. ఆ దారి తెరిచే ఉంది. ప్రతి మంత్రి వెనక ఒక జిల్లా యంత్రాంగం ఉంటుంది: సమితుల కాలం నుంచీ ఆయన్ను నమ్ముకున్న మనుషులు, మార్కెట్ కమిటీలు, సహకార సంఘాలు. మంత్రిని అవమానించి పంపితే ఆ వరుస మొత్తం చేతులు కట్టుకుని కూర్చుంటుంది. వాళ్లంతా ఎదురు తిరగాల్సిన పని లేదు. పోలింగ్ రోజు ఇంటి నుంచి కదలకపోతే చాలు. నవంబర్‌లో కాంగ్రెస్‌కు 181, టీడీపీకి 74.

కానీ అసలు పాఠం 1984ను 1995 పక్కన పెట్టి చూస్తేనే కనబడుతుంది. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్‌ను తొలగించి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి వచ్చిన మనిషి వీల్‌చైర్‌లో ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని తిరిగారు. జనం వీధుల్లోకి వచ్చారు. నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 16న, కుర్చీ తిరిగొచ్చింది. 1985లో 202 సీట్లు. దెబ్బ బయటి నుంచి వచ్చింది కాబట్టి బలం పెరిగింది.

1995 ఆగస్టులో అదే మనిషి, అదే పదవి. 1994 డిసెంబర్‌లో కాంగ్రెస్‌ను 26 సీట్లకు తొక్కిన గెలుపు తర్వాత తొమ్మిది నెలలు కూడా నిండలేదు. ఈసారి గొడవ ఇంట్లోంచి వచ్చింది. పార్టీ వ్యవహారాల్లో ఆయన భార్య లక్ష్మీపార్వతి మాట పెరగడం ఎమ్మెల్యేలకు నచ్చలేదు. వాళ్ల గోడు వినే వేదిక పార్టీలో లేదు. తిరుగుబాటు చేసి వైస్రాయ్ హోటల్లో చేరిన ఎమ్మెల్యేలతో ఒక్కొక్కరుగా మాట్లాడాల్సిన సమయంలో ఆయన బహిష్కరణలకు దిగారు, అసెంబ్లీ రద్దుకు సిఫారసు చేశారు. గెలిచి ఏడాది కూడా కాని ఎమ్మెల్యేకు "మళ్లీ ఎన్నికలు" అనే మాట కంటే భయపెట్టేది ఇంకొకటి లేదు. అటో ఇటో తేల్చుకోనివాళ్లు కూడా ఆ దెబ్బకు అటు వెళ్లిపోయారు. సెప్టెంబర్ 1న చంద్రబాబు ప్రమాణం చేశారు. ఈసారి జనం వీధుల్లోకి రాలేదు.

మూసీ ఒడ్డు

చౌరస్తా అన్నా, 1989 ఓటమికి కోస్తాలో 1988 డిసెంబర్ వంగవీటి రంగా హత్య కూడ పెద్ద కారణమే గదా. మొత్తం మంత్రివర్గం మీదనే పెట్టలేం.

కల్వకుర్తి చౌరస్తా

నిజమే, కోస్తా ఫలితానికి అది పెద్ద కారణం. కల్వకుర్తికి మాత్రం ఆ లెక్క వర్తించదు. ఇక్కడ జనం అడిగింది ఒక్కటే: హిందూపురంలో కూడా గెలిస్తే ఈ సీటు ఉంచుకుంటారా, వదిలేస్తారా? రెండు చోట్ల నిలబడ్డ ప్రతి నాయకుడికీ రెండో ఊళ్లో ఈ ప్రశ్న ఎదురవుతుంది. 2023లో కేసీఆర్ గజ్వేల్‌తో పాటు కామారెడ్డిలో నిలబడినప్పుడు కూడా అదే ప్రశ్న, కామారెడ్డిలో అదే ఫలితం.

నడిగడ్డ నేల

2023 కొస్తే నాకు అన్నిటికన్నా పెద్ద తప్పు బీఆర్‌ఎస్ అభ్యర్థుల ఆగస్టు 21 జాబితా. 115 మంది పేర్లు ఒక్కనాడు చదివిండ్రు. సిట్టింగుల్ల మార్చింది ఏడుగురినే.

ముందుగాల ప్రకటించుడే తప్పు అంటే నేనొప్పుకోను. 2018 సెప్టెంబర్ 6న అసెంబ్లీ రద్దు చేసిన దినమే 105 మంది పేర్లు చెప్పిండ్రు, అప్పుడు గెలిచిండ్రు గదా. తేడా ఏందంటే, 2018ల ఆ ఎమ్మెల్యేలది ఒక్క పదవీకాలమే, అదీ నాలుగేండ్లే. 2023 నాటికి తొమ్మిదేండ్లు. ఊర్ల ఎమ్మెల్యే మీద కోపం వేరు, ముఖ్యమంత్రి మీద కోపం వేరు. ఎమ్మెల్యేను మారిస్తే మొదటి కోపం సల్లారుతది. మార్చకపోతే రెండూ కలిసి ఒక్క బటన్ మీద పడతయి.

తెలియక చేసిండ్రు అనడానికి కూడ లేదు. 2023 ఏప్రిల్ 27న పార్టీ సమావేశంల దళితబంధు కింద కొందరు ఎమ్మెల్యేలు మూడు లక్షల దాకా వసూలు చేస్తున్నరని కేసీఆరే హెచ్చరించినట్టు అప్పటి పేపర్లన్నీ రాసినయి. నాలుగు నెలలు తిరగకముందే దాదాపు అందరికీ టికెట్లు. హెచ్చరిక ఇచ్చి శిక్ష వేయకపోతే, ఆ హెచ్చరికే ఎదుటోళ్లకు సాక్ష్యమైతది.

అలంపూర్ చూడుండ్రి. జాబితాల సిట్టింగ్ అబ్రహం పేరున్నది. చివరికి బీ ఫారం విజయుడికి ఇచ్చిండ్రు. ఉమ్మడి జిల్లాల నిలిచిన రెండు సీట్లల్ల అదొకటి.

పాలమూరు పటం

అలంపూర్ ఉదాహరణ బలమైనదే, కానీ అక్కడ ఎమ్మెల్సీ చల్లా వెంకట్రామిరెడ్డి వర్గం మొత్తం విజయుడి వెనక నిలబడింది. అభ్యర్థిని మార్చడం ఒక్కటే పని చేసిందని చెప్పలేం. సిట్టింగ్‌నే నిలబెట్టినా గద్వాల కూడా నిలిచింది.

దళితబంధు గురించి ఇంకొక లెక్క చెప్పాలి. మొదటి విడతలో హుజూరాబాద్ బయట ఒక్కో నియోజకవర్గానికి 100 కుటుంబాలు, కుటుంబానికి 10 లక్షలు. ఎంపిక ఎమ్మెల్యే చేతికి ఇచ్చారు. అర్హులు వేలల్లో ఉన్న చోట 100 మందిని ఒక మనిషి ఇష్టానికి ఎంచుకోమంటే, అతను నిజాయితీగా చేసినా సరే, వంద ఇళ్లలో కృతజ్ఞత, మిగతా వాడంతా అనుమానం. పింఛను ఇలా నష్టం చేయదు, ఎందుకంటే దాని అర్హత వయసుతో, కాగితంతో తేలుతుంది. గ్రామసభలో అందరి ముందు లాటరీ తీసినా కోపం ఎమ్మెల్యే మీదికి వచ్చేది కాదు. చేతికి వచ్చిన అధికారమే ఎమ్మెల్యేను ముంచింది, ఆ అధికారం ఇచ్చింది పై నాయకుడు.

నిర్వాహకుడు

దీని కింద ఒక ఎమ్మెల్యే బంధువు మీద ఆధారం లేని ఆరోపణతో వచ్చిన పోస్టు తీసేశాను. కోర్టు తీర్పు, ఎన్నికల సంఘం రికార్డు, బహిరంగంగా జరిగిన సంగతి ఉంటేనే పేర్లు రాయండి.

సోమశిల రేవు

కొల్లాపూర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. సొంత తప్పుకు ఇంతకంటే స్పష్టమైన కేసు లేదు.

2018లో మంత్రిగా ఉన్న జూపల్లి కృష్ణారావు కాంగ్రెస్ అభ్యర్థి బీరం హర్షవర్ధన్ రెడ్డి చేతిలో ఓడారు. 2019లో ఆ గెలిచిన ఎమ్మెల్యేనే టీఆర్‌ఎస్ చేర్చుకుంది. ఆ జూన్‌లో విలీనమైన 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో ఆయన ఒకరు. ఉత్తమ్‌కుమార్ రెడ్డి ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశాక కాంగ్రెస్‌కు మిగిలింది 18 మంది. 18లో మూడింట రెండు వంతులు సరిగ్గా 12, కాబట్టి ఫిరాయింపు చట్టం కింద అనర్హత భయం లేదు. హైదరాబాద్‌లో ఈ లెక్క బాగానే కుదిరింది.

కొల్లాపూర్‌లో ఏమైంది? ఒక పార్టీకి రెండు ఆఫీసులు తయారయ్యాయి. ఆడపిల్ల పెళ్లికిచ్చే కల్యాణలక్ష్మి సాయం ఫైలు మీసేవ నుంచి తహసీల్దార్ విచారణకు వెళ్లి, ఎమ్మెల్యే సంతకం అయ్యాక ఆర్డీఓ మంజూరుకు పోతుంది. 1,00,116 రూపాయల చెక్కు ఎమ్మెల్యే చేతి మీదుగానే ఇస్తారు. సీఎంఆర్‌ఎఫ్ (ముఖ్యమంత్రి సహాయ నిధి) సిఫారసు లేఖ, ఎస్సై బదిలీ, మార్కెట్ కమిటీ పేర్లు అన్నీ గెలిచినాయన దగ్గరికి వెళ్లాయి. 2001 నుంచో 2011 నుంచో జెండా మోసిన కార్యకర్త మాత్రం ఓడినాయన దగ్గరే ఉన్నాడు. నిన్నటిదాకా తనతో కొట్లాడిన వాడి సంతకం కోసం ఇవాళ వాడి వాకిట్లో నిలబడాల్సి వచ్చింది.

ఏం జరగబోతోందో 2020 జనవరి మున్సిపల్ ఎన్నికలే చెప్పాయి. జూపల్లి వర్గం వాళ్లు ఫార్వర్డ్ బ్లాక్ సింహం గుర్తు మీద నిలబడి సొంత పార్టీ అభ్యర్థులతోనే తలపడ్డారు. అప్పుడే కూర్చోబెట్టి ఒకరికి పార్లమెంటో ఎమ్మెల్సీయో తేల్చి ఉంటే సరిపోయేది. మూడేళ్లు నానబెట్టి 2023 ఏప్రిల్‌లో సస్పెండ్ చేశారు. ఆయన ఆగస్టులో కాంగ్రెస్‌లో చేరారు, కొల్లాపూర్ గెలిచారు, మళ్లీ మంత్రి అయ్యారు.

ఇప్పుడు అధికారంలో ఉన్న పార్టీ కూడా 2024లో అదే పని చేసింది. పది మంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేల ఫిరాయింపు కేసులో 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. కోర్టు సంగతి ఎలా ఉన్నా, ఆ నియోజకవర్గాల్లో పాత కాంగ్రెస్ ఇన్‌చార్జి ఎక్కడ కూర్చోవాలి అన్న ప్రశ్న కొల్లాపూర్‌లో తలెత్తిన ప్రశ్నే.

మూసీ ఒడ్డు

మునుగోడు జెప్త. ఇక్కడ ఒక్క ఉప ఎన్నికల రెండు దిక్కులా తప్పులు కనబడ్తయి.

రాజగోపాల్ రెడ్డి 2018ల కాంగ్రెస్ టికెట్ మీద 22 వేల పైచిలుకు మెజారిటీతోని గెలిచిండు. 2022 ఆగస్టుల రాజీనామా చేసి బీజేపీల చేరిండు. నవంబర్ 3 పోలింగు, 6న ఫలితం: టీఆర్‌ఎస్ 97,006, బీజేపీ 86,697. తేడా 10,309. కాంగ్రెస్‌కు 23,906. పదహారు నెలల పదవి చేతులార ఇడిసిపెట్టిండు. ఓటంత ఆయనదే అనుకున్నడు, దాంట్ల చేయి గుర్తుది సుత ఉన్నదని గీ 23,906 జూస్తే తెలుస్తది. మళ్ల 2023 అక్టోబర్‌ల కాంగ్రెస్‌కు వాపసొచ్చి గెలిచిండు. గుర్తు, మనిషి కలిస్తేనే గెలుపని రెండు ఎన్నికలు చూపెట్టినయి.

గెలిచిన టీఆర్‌ఎస్ తప్పు ఇంక పెద్దది. గా పది వేల తేడాల మద్దతిచ్చిన సీపీఐ, సీపీఎం ఓట్లున్నయి. చండూరు, మునుగోడు, నాంపల్లి దిక్కు ఎర్రజెండా ఊర్లు ఇప్పటికీ ఉన్నయి, సీపీఐ ఈ సీటు ఎన్నోసార్లు గెలిచింది. 2023 ఆగస్టు 21న జాబితా చదివినప్పుడు కమ్యూనిస్టులకు ఒక్క సీటు సుత ఇడువలే, ముందుగాల మాటైన చెప్పలే. సీపీఐ పోయి కాంగ్రెస్‌తోని కలిసింది, కొత్తగూడెం గెలిచింది. ఉమ్మడి నల్లగొండ, ఖమ్మంల వాళ్లకు సీట్లు తక్కువనే, గని ఓట్లు ప్రతి మండలంల ఉంటయి.

ఇంకోటి. ఉప ఎన్నిక ముంగట గట్టుప్పల్ మండలం ప్రకటించిండ్రు, రోడ్లకు పైసలొచ్చినయి, మంత్రులు ఊరూరుకొచ్చి కూసున్నరు. పక్క నియోజకవర్గపోళ్లు "మా ఎమ్మెల్యేను కూడ రాజీనామా చేయమనుండ్రి" అనుడు షురూ చేసిండ్రు. ఒక్క సీటు కోసం మిగతా సీట్లల్ల అసంతృప్తి పెంచుకున్నట్టైంది.

కరివెన గట్టు

పాలమూరులో నీళ్ల సంగతి లేకుండా ఈ చర్చ పూర్తి కాదు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్ 11న కరివెన దగ్గర శంకుస్థాపన. పరిపాలన అనుమతి 35,200 కోట్లు. 2023 సెప్టెంబర్ 16న నార్లాపూర్‌లో 145 మెగావాట్ల మోటారు ఒకటి ఆన్ చేశారు. కాళేశ్వరానికి 2016 మే 2న శంకుస్థాపన, 2019 జూన్ 21న ప్రారంభం. మూడేళ్లు ఒకవైపు, ఎనిమిదేళ్లు ఒకవైపు. ఈ రెండు తేదీలు జిల్లాలో ప్రతి రైతుకూ కంఠతా వచ్చు.

న్యాయంగా చెప్పాలంటే ఆలస్యమంతా ప్రభుత్వం చేతిలోది కాదు. పర్యావరణ అనుమతి లేదని 2021 అక్టోబర్‌లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) పనులు ఆపమంది, భూసేకరణ కేసులు నడిచాయి. పాలమూరు పటం పెట్టిన మూడు షరతుల ప్రకారం చూస్తే తప్పు రెండు చోట్ల ఉంది. ఒకటి, నిధుల వరుస: ఏ ప్రాజెక్టు బిల్లు ముందు కట్టాలన్నది పూర్తిగా ముఖ్యమంత్రి నిర్ణయం. రెండు, ప్రారంభోత్సవం. కాలువలు లేకుండా పంపు ఆన్ చేస్తే నీళ్లు జలాశయం దాకానే వస్తాయి. నార్లాపూర్, ఏదుల, వట్టెం, కరివెన, ఉద్దండాపూర్ దాటి పొలానికి రావాలంటే ప్రధాన కాలువ, డిస్ట్రిబ్యూటరీ, పిల్ల కాలువ, తూము, ఇన్నీ తవ్వాలి. 12 లక్షల ఎకరాల లెక్క చెప్పి, ఎన్నికలకు రెండున్నర నెలల ముందు ఒక్క మోటారు చూపిస్తే, చూసినవాడికి గుర్తొచ్చేది తన పొలం పక్కన తవ్వని కాలువ. ఉన్న డబ్బుతో ఒక్క జలాశయం కింద ఒక్క మండలానికైనా కాలువ పూర్తి చేసి ఉంటే అది ప్రచారం అవసరం లేని ప్రచారం అయ్యేది.

నెల దాటాక అక్టోబర్ 21న కాళేశ్వరంలోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. ఇక పోలిక చెప్పడానికి కూడా ఏమీ మిగల్లేదు.

పంచాయతీ ఎంబీ

అందరూ పైనుంచి చూస్తున్నారు. పట్టు జారేది బూత్‌లో. 2019లో గెలిచిన సర్పంచుల్లో ఎక్కువ మంది అధికార పార్టీ వాళ్లే. వాళ్లతో పల్లె ప్రగతి కింద వైకుంఠధామం (శ్మశానవాటిక), డంపింగ్ యార్డు, నర్సరీ చేయించారు. ప్రతి పంచాయతీతో ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్ కొనిపించారు. పని చేయకపోతే కలెక్టర్ నోటీసు. మొక్కల్లో 85 శాతం బతక్కపోతే పదవికే ఎసరు అని 2018 పంచాయతీరాజ్ చట్టమే చెప్పింది.

డబ్బు దారి ఇది: సర్పంచ్ అప్పు తెచ్చి పని చేస్తాడు. ఇంజినీరు (ఏఈ) పని కొలతలు ఎంబీ అనే పుస్తకంలో రాస్తాడు, పై ఇంజినీరు (డీఈ) వాటిని సరిచూస్తాడు. బిల్లు ట్రెజరీకి వెళ్లి టోకెన్ పడుతుంది. అక్కడ ఫ్రీజింగ్, అంటే చెల్లింపు ఆపేయడం. టోకెన్ పడ్డ బిల్లు నెలలు గడిచినా ఖాతాలోకి రాదు, నూటికి రెండు రూపాయల వడ్డీ మాత్రం నెలనెలా పెరుగుతుంది. 5 లక్షల పనికి నెలకు 10 వేలు, ఏడాదికి లక్షా 20 వేలు. అలాంటి సర్పంచ్ ఎన్నికల నాడు ఓటరు స్లిప్పులు పంచడు, ఆటో పెట్టడు, ఏజెంటును కూర్చోబెట్టడు. సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరి సంతకం ఉంటేనే చెక్కు చెల్లేలా చేయడంతో, ఇద్దరికీ పడని ఊళ్లలో ఉన్న డబ్బు కూడా కదల్లేదు.

దీనికి కొత్త పథకం అక్కర్లేదు. ఉన్న టోకెన్లను వరుస ప్రకారం క్లియర్ చేస్తే చాలు. పెద్ద కాంట్రాక్టరు బిల్లు ముందు, సర్పంచ్ బిల్లు వెనక అనేది రాజకీయ నిర్ణయం.

చట్టం చదువరి

కాగితం దగ్గర చేసే తప్పులు కూడా చెప్పుకోవాలి. గద్వాల కేసే తీసుకోండి. 2018లో బండ్ల కృష్ణమోహన్ రెడ్డి ఎన్నికను, అఫిడవిట్‌లో ఆస్తుల వివరాలు దాచారన్న పిటిషన్ మీద, 2023 ఆగస్టు 24న హైకోర్టు రద్దు చేసి డీకే అరుణను గెలిచినట్టు ప్రకటించింది. సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఆయన 2023లో మళ్లీ గెలిచారు కూడా. అంటే ఓటు పోలేదు. కానీ నాలుగున్నర ఏళ్లు కోర్టు చుట్టూ తిరగడం, ఎన్నికల ముందు నెలల్లో పదవే ప్రశ్నార్థకం కావడం, ఇవన్నీ ఒక ఫారం దగ్గర ముగించుకోగలిగేవి.

నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్ ఫారం 26లో అభ్యర్థి, భార్య లేదా భర్త, అవిభక్త కుటుంబం, ఆధారపడినవాళ్లు, అందరి పాన్, ఐదేళ్ల ఆదాయం, ఆస్తులు, అప్పులు రాయాలి. ఒక్క గడి కూడా ఖాళీ వదలకూడదు. లేకపోతే "లేదు", "వర్తించదు" అని రాయాలి. ఎక్కువగా జారేవి: అమ్మేసినా రికార్డుల్లో ఇంకా పేరున్న పొలం, భార్య పేరిట పాత బ్యాంకు ఖాతా, పెండింగ్ కేసు. ఎన్నికల పిటిషన్ గడువు ఫలితం నుంచి 45 రోజులు, ఓడినవాళ్ల లాయర్లు మొదట తెరిచేది ఈ ఫారమే.

నల్లగొండ వార్డు

మున్సిపాలిటీల్లో జారడం ఇంకా వేగంగా ఉంటుంది. నల్లగొండలో 2020లో చైర్మన్ పీఠం టీఆర్‌ఎస్‌కు వచ్చింది. 2024 జనవరి 8న అవిశ్వాసంలో పోయింది. ప్రభుత్వం మారడం ఒక కారణమే, కానీ అవిశ్వాసం నెగ్గాలంటే సొంత పార్టీ కౌన్సిలర్లు కూడా చేతులెత్తాలి. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం మొదటి మూడేళ్లు అవిశ్వాసం పెట్టడానికి లేదు. దాన్ని నాలుగేళ్లు చేద్దామని 2022లో సవరణ తెస్తే గవర్నర్ దగ్గర ఆగింది. ఆ మూడేళ్ల రక్షణే చాలామంది చైర్మన్లను నిద్రపుచ్చింది. ఎజెండా ముందు రోజు రాత్రి చేతికివ్వడం, వార్డు పనుల టెండర్లు ఇద్దరు ముగ్గురికే పోవడం, కౌన్సిలర్‌కు చెప్పకుండా కమిషనర్‌తో తీర్మానం రాయించడం. ఇవన్నీ నాలుగో ఏట లెక్కకొస్తాయి.

సగం మంది సభ్యుల సంతకాలతో కలెక్టర్‌కు నోటీసు, 15 రోజుల గడువుతో సమావేశం, మూడింట రెండు వంతులు చేతులెత్తితే పదవి ఖాళీ. నోటీసు అందినప్పటి నుంచి సమావేశం దాకా ఉన్న రెండు మూడు వారాల్లో చైర్మన్ కౌన్సిలర్లను తన వైపు ఉంచుకునే క్యాంపు కోసం డబ్బు వెతుకుతాడు. అది మూడేళ్లలో చేయాల్సిన మాటల పని.

మూసీ ఒడ్డు

చదువరి సార్, 2025 డిసెంబర్‌ల గెలిచిన సర్పంచులకు సుత ఖర్చు లెక్కల నిబంధన ఉన్నదా? ఓడినోళ్లు కూడ ఇయ్యాల్నా?

చట్టం చదువరి

గెలిచినా ఓడినా ఇవ్వాలి. ఫలితం వచ్చిన తేదీ నుంచి 45 రోజుల్లో ఎంపీడీఓకు. జనాభా 5,000 దాటిన పంచాయతీలో సర్పంచ్ పరిమితి 2.5 లక్షలు, తక్కువైతే 1.5 లక్షలు. వార్డు సభ్యుడికి 50 వేలు, 30 వేలు. ఇవ్వనివాళ్ల మీద మూడేళ్ల అనర్హత పడుతుంది.  అసెంబ్లీకైతే 30 రోజులు, పరిమితి 40 లక్షలు, నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు విడిగా బ్యాంకు ఖాతా. రిజిస్టర్‌లో రోజువారీ ఖర్చు తెల్ల పేజీల్లో, నగదు గులాబీ పేజీల్లో, బ్యాంకు పసుపు పేజీల్లో రాయాలి. ఒక్కొక్కరికి 10 వేలకు మించి నగదు ఇవ్వకూడదు. లెక్క ఇచ్చాక ఎంపీడీఓ ఆఫీసులో తేదీతో ముద్ర వేసిన రసీదు తీసుకుని, వచ్చే ఎన్నికల దాకా దాచమని మీ ఊరివాళ్లకు చెప్పండి.